స్లీవ్ ఆపరేషన్ తర్వాత నాలుగో నెల: సంగటి ముద్ద, మాత్రల టైము, వాట్సాప్ గ్రూపు

తాడిపత్రి నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది: మా వదినకు బెంగళూరులో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. 118 కిలోల నుంచి 94కి దిగింది. సంగటి తింటే రొమ్ములో పట్టేసినట్టయి వాంతి చేసుకుంటోంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. ఇక్కడ ఇట్లాంటి ఆపరేషన్ చేయించుకున్నోళ్లు ఎవరున్నారో తెలీదు. అనంతపురం, కడప, కర్నూలు వాళ్లను కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే పనికొస్తుందా, లేక ఒకరు చెప్పింది ఇంకొకరు చేసి చెడగొట్టుకుంటారా?

పనికొస్తుంది, పెట్టుకోండి. మీ భయం కూడా నిజమే కాబట్టి గ్రూపుకు కొన్ని కట్టుబాట్లు కావాలి, అవి కింద చెప్తాను. సంగటి తిన్నప్పుడు వాంతి కావడానికి కారణం చాలావరకు సంగటి కాదు, దాన్ని మనం మింగే పద్ధతి. జుట్టు ఈ నెలల్లో ఊడటం మామూలే, తిరిగి వస్తుంది. కానీ వాంతులు వారంలో రెండు మూడు సార్లకు మించి అవుతుంటే మాత్రం ఇదంతా చదివాక చూద్దాం అనుకోవద్దు, ముందు బీ1 విటమిన్ సంగతి చూడండి. దాని దగ్గరికి వస్తాను.

స్లీవ్‌లో పొట్టను నిలువుగా కోసి నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. అందులో పట్టేది సుమారు 100 నుంచి 150 మి.లీ., అంటే ఒక టీ గ్లాసు. ఇప్పుడు మన ఇళ్లలో సంగటి ఎలా తింటామో చూడండి. ముద్ద తుంచి, వేలితో గుంత చేసి, పప్పులోనో పులుసులోనో అద్ది, పంటికి తగలకుండా గుటుక్కున మింగేస్తాం. సంగటి నమిలేవాణ్ని చూసి నవ్వే ఊళ్లు మనవి. పాత పొట్టకు అది సరిపోయింది, ఎందుకంటే మెత్తగా చిలికే పని అది చేసేది. ఈ గొట్టం ఆ పని చేయలేదు. జిగురు ముద్ద పైనే ఇరుక్కుంటుంది, దాని మీద ఇంకో ముద్ద పడుతుంది, పైన మజ్జిగ తాగితే అది దిగే దారి లేక పైకే వస్తుంది. నురగలాంటి ఉమ్ము ఊరడం, ముక్కు కారడం, ఎక్కిళ్లు, రొమ్ము ఎముక వెనక బరువు ఇవన్నీ "ఇక ఆపు" అనే గుర్తులు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ముందొస్తుంది. మీ వదినకు ఏది ముందొస్తోందో గమనించి, అది కనబడగానే పళ్లెం పక్కన పెట్టమనండి. ఆ తర్వాత తినే ఒక్క ముద్దే వాంతి తెప్పిస్తుంది.

సంగటిని ఇంకో రెండు నెలలు పక్కన పెట్టినా నష్టమేమీ లేదు. రాగిలో కాల్షియం బాగా ఉంటుంది కానీ ప్రొటీన్ వంద గ్రాముల పిండికి ఏడు గ్రాముల దరిదాపే. టీ గ్లాసంత పొట్టలో మొదటి చోటు దానికి ఇవ్వలేం. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముద్ద కట్టనంత వదులుగా, బియ్యం బాగా మెదిపి వండండి. రెండు టేబుల్ స్పూన్లు సాసర్లో వేసుకుని, టీ స్పూన్‌తో సగం సగం తీసుకుని, నోట్లోనే పలచబడేదాకా నమలాలి. చేత్తో తింటే అలవాటు మీద ముద్ద పెద్దదైపోతుంది, అందుకే ఏడాది దాకా స్పూనే వాడమంటాను. జొన్న రొట్టె అయితే ఎండు ముక్క వద్దు. పప్పులో పావుగంట నానబెట్టి తినొచ్చు. మటన్ ముక్క నారలు నారలుగా ఇరుక్కుంటుంది, ఖీమా కొట్టించుకోండి. ఉగ్గాని మెత్తగానే ఉంటుంది కాబట్టి దిగుతుంది, అందులో పప్పుల పొడి కాస్త ఎక్కువ కలుపుకోండి. పక్కనుండే మిరపకాయ బజ్జీ మాత్రం ఇప్పుడు కాదు.

భోజనం 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి, అంతకంటే లాగకూడదు. గంటసేపు కొంచెం కొంచెం తింటూ కూర్చుంటే పొట్ట నింపకుండానే కేలరీలు లోపలికి పోతాయి. టీవీ, ఫోన్ ముందు తింటే నమిలే లెక్క పోతుంది. స్పూను కింద పెట్టి, నోట్లోది పూర్తిగా మింగాకే మళ్లీ తీయడం అన్నిటికంటే తేలికైన చిట్కా. పది రోజులు ఎవరైనా ఎదురుగా కూర్చుని గుర్తు చేస్తే అలవాటైపోతుంది.

మెత్తటివి, బాగా నమిలినవి కూడా వాంతి అవుతుంటే, లేదా నీళ్లే దిగకపోతుంటే, అది తినే పద్ధతి తప్పు కాదు. గొట్టం ఒకచోట సన్నబడి ఉండొచ్చు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే పోయి ఎండోస్కోపీ చేయించి చూడాలి. గ్యాస్ అని టానిక్ తాగిస్తూ కూర్చోకండి.

ఇప్పుడు బీ1. దీని పేరు థయామిన్. ఒంట్లో దీని నిల్వ కొన్ని వారాలకే సరిపోతుంది. తిండి తగ్గి, పైగా వాంతులు అవుతుంటే అది వేగంగా అడుగంటుతుంది. అప్పుడు కళ్లు రెండుగా కనబడటం, నడకలో తూలడం, మాట తడబడి మతి తప్పినట్టు ఉండటం మొదలవుతాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. మన దగ్గర జరిగే తప్పు ఏమిటంటే, వాంతులై నీరసంగా ఉందని పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటాం. బీ1 తక్కువున్న మనిషికి బీ1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త బీ1 కూడా ఆ గ్లూకోజ్‌ను వాడుకోవడంలోనే ఖర్చయిపోయి పరిస్థితి ఒక్కసారిగా దిగజారుతుంది. అందుకే సెలైన్ పెట్టే ముందు "పొట్ట తగ్గించే ఆపరేషన్ అయింది, ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి" అని మీరే చెప్పాలి. రెండు రోజులు ఏమీ నిలవకపోతే ఇంట్లో చూసుకోవద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి.

ఈ మాట నలుగురికీ తెలిసేలా ఒక కాగితం రాసి పర్సులో పెట్టించండి: ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఎక్కడ, సర్జన్ ఫోన్ నంబరు, థయామిన్ మాట, నొప్పి మాత్రల మాట. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. రాత్రిపూట అనంతపురం పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో పోవాల్సి వస్తే, అక్కడి డ్యూటీ డాక్టరుకు లోపల ఏం కోశారో తెలియాలి కదా.

నొప్పి మాత్రల మాట ఏమిటంటే, మెడికల్ షాపులో కాళ్ల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి వద్దు. ఇవి పుండ్లు చేస్తాయి. బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్న సంచిగా చేసి పేగుకు అతికే ఇంకో రకం బరువు ఆపరేషన్) అయినవాళ్లకైతే కొత్తగా అతికిన చోట పుండు పడి రక్తం పోయే ప్రమాదం మరీ ఎక్కువ. పారాసిటమాల్ వాడొచ్చు. స్ట్రిప్ వెనక పేరు చదవకుండా "నొప్పి బిళ్ల" అని తెచ్చుకునే అలవాటు మానాలి.

జుట్టు సంగతి. పెద్ద ఆపరేషన్, వేగంగా బరువు తగ్గడం అనే రెండు దెబ్బలకు వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి, మూడో నెలకు రాలడం మొదలవుతుంది. ఎక్కువమందికి తొమ్మిది నెలలు, ఏడాది లోపల తిరిగి వస్తుంది. నూనె మార్చినా, బయోటిన్ మాత్రలు మింగినా పెద్ద తేడా ఉండదు. ప్రొటీన్, ఐరన్, జింక్ తక్కువైతే మాత్రం రాలడం ఎక్కువై, ఏడాది దాటినా ఆగదు. అప్పుడు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ ఒక్కటీ చూసి రక్తం బాగుందనుకోవద్దు.

ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. చిన్న పొట్టకు ఇది పెద్ద లెక్కే కాబట్టి రాసుకుంటే తప్ప అందదు. ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున రెండు గుడ్లు, గంట తేడాతో ఒక్కొక్కటి: 12 గ్రాములు. పదింటికి 200 మి.లీ. పాలలో డాక్టరు చెప్పిన ప్రొటీన్ పౌడరు ఒక స్కూపు: సుమారు 26. మధ్యాహ్నం వండిన చికెన్ ఖీమా 50 గ్రాములు: 13. సాయంత్రం 40 గ్రాముల పనీర్: 7. రాత్రి 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పు: 6. మధ్యలో పెరుగు చిన్న కప్పు: 3. మొత్తం 67. మాంసం తిననివాళ్లు మీల్ మేకర్ వాడుకోవచ్చు. ఎండు మీల్ మేకర్ 20 గ్రాములకు పది గ్రాముల ప్రొటీన్ వస్తుంది. నానబెట్టి, పిండి, మిక్సీలో తిప్పి కూరలో వేయాలి. ఉలవలు, అలసందలు కూడా మంచివే, పొట్టు తగలకుండా మెదపాలి. చెనక్కాయలు, అంటే మీ అటువైపు బుడ్డలు, ప్రొటీన్ ఉన్నా నూనె ఎక్కువ. గుప్పెడుతో మొదలై సేరు దాకా పోతాయి, అందుకే తూకం వేసుకుని 15 గ్రాములకు ఆపాలి. పళ్లెంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే సంగటో అన్నమో. ఈ వరస తప్పితే లెక్క ఎప్పటికీ కుదరదు.

నీళ్లు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుక్క గుక్కగా. భోజనంతో పాటు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. మన ఎండలకు ఇది మొదట చాలా కష్టమనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో దాహం వేశాక తాగుదామంటే పొట్ట ఒకేసారి తీసుకోదు, మూత్రం పసుపెక్కి తల తిరుగుతుంది, కిడ్నీలో రాళ్లు కూడా పడతాయి. అర లీటరు బాటిల్ మీద పెన్నుతో నాలుగు గీతలు గీయండి. అరగంటకో గీత దింపాలి. నీళ్లతో పాటు పలచటి ఉప్పు మజ్జిగ, నిమ్మరసం పనికొస్తాయి. గోలీ సోడా గ్యాసుతో పొట్టను బిగపట్టేస్తుంది. నన్నారి షర్బత్‌లో సిరప్ అంతా చక్కెరే. బైపాస్ అయినవాళ్లు అది గ్లాసు తాగితే పది నిమిషాల నుంచి అరగంట లోపల గుండె దడ, చెమట, కడుపులో మెలిక, విరేచనం వస్తాయి. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. స్లీవ్‌లో ఇది తక్కువ, కానీ అసలు రాదనలేం.

మాత్రల్లో ఎక్కువమంది తప్పు చేసేది టైములో. కాల్షియం, ఐరన్ రెండూ కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. టీ తాగిన గంటలోపు ఐరన్ వేసుకుంటే వృథా. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మి.గ్రా. కావాలి, కానీ ఒకేసారి 500, 600 మించి ఒంటికి ఎక్కదు, కాబట్టి రెండు మూడు దఫాలుగా వేసుకోవాలి. షాపువాళ్లు కాల్షియం సిట్రేట్ లేదని కార్బొనేట్ ఇచ్చేస్తుంటారు. కార్బొనేట్ కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి. ఇక్కడ పొట్ట చిన్నది, పైగా ఎసిడిటీ మాత్రలు వాడుతుంటారు. సిట్రేటే అడిగి తీసుకోండి. పద్ధతి ఇలా పెట్టుకోవచ్చు: పొద్దున టిఫిన్ తర్వాత మల్టీవిటమిన్, పదకొండింటికి కాల్షియం, సాయంత్రం నాలుగింటికి రెండోది, రాత్రి పడుకునే ముందు నిమ్మరసం నీళ్లతో ఐరన్. బీ12, డీ విటమిన్ మోతాదులు డాక్టరు రాసినవే. ఆరో నెలకు రిపోర్టు బాగుందని మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బీ12 నిల్వ లివర్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే లోటు రెండో, మూడో ఏట అరికాళ్ల తిమ్మిరిగా బయటపడుతుంది, అప్పటికి దాన్ని ఆపరేషన్‌తో ఎవరూ ముడిపెట్టరు. ఈ మాత్రలు జీవితాంతం.

షుగర్, బీపీ మాత్రలు ఉంటే వాటిని తగ్గించాలో లేదో వారం వారం చూసుకోవాలి. పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునే వయసైతే ఆపరేషన్ అయిన ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక, అంతకుముందు రానివాళ్లకూ గర్భం తొందరగా రావచ్చు. పసరు సంచిలో రాళ్లు కూడా ఈ నెలల్లోనే పడతాయి. కుడి డొక్క కింద తిన్నాక వచ్చే నొప్పిని గ్యాస్ అనుకోవద్దు. రంజాన్ ఉపవాసం, ఏకాదశి, శ్రావణ శనివారాలు మొదటి ఏడాది వదిలేయండి. నీళ్లు కూడా తాగకుండా ఉండేవి అసలే వద్దు.

నడక రోజుకు 30 నుంచి 45 నిమిషాలు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో, తాడిపత్రిలో ఇంటి మేడ మీదో, ఎక్కడైనా సరే. దాంతోపాటు వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, లీటరు నీళ్ల బాటిళ్లు ఎత్తడం లాంటివి చేయాలి. లేకపోతే తగ్గే కిలోల్లో కండ ఎక్కువ పోతుంది. బరువు వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే చూడాలి. రెండు మూడు వారాలు ముల్లు కదలకపోవడం మామూలే.

ఇక గ్రూపు. మన వైపు వాళ్లు ఆపరేషన్‌కు హైదరాబాదో బెంగళూరో చెన్నైయో పోతారు. పొలం పనులు, బస్సు ఖర్చులు, పిల్లల పరీక్షల మధ్య రెండో చెకప్ నుంచే పోవడం మానేస్తారు. అక్కడ జరిగే రోగుల మీటింగులు వీళ్లకు అందవు. గ్రూపు ఆ ఖాళీనే పూడ్చాలి. గ్రూపులకు వెళ్లేవాళ్లలో బరువు ఎక్కువ తగ్గినట్టు అధ్యయనాల్లో కనబడుతుంది. శ్రద్ధ ఉన్నవాళ్లే గ్రూపుకు వస్తారు కాబట్టి ఘనతంతా గ్రూపుదే అనలేం. అయినా మాత్రలు మానకుండా, చెకప్ ఎగ్గొట్టకుండా చూడటంలో దానికి మించిన తోడు లేదని నా లెక్క.

మనుషులను వెతకడానికి మీ సర్జన్ ఆఫీసులోని డైటీషియన్‌ను అడగండి. రోగుల నంబర్లు వాళ్లు మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీ నంబరు మీ జిల్లావాళ్లకు ఇమ్మనండి, ఇష్టమున్నవాళ్లే ఫోన్ చేస్తారు. పదీ పన్నెండు మంది చాలు. యాభై దాటితే గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ మిగలవు. చాలామంది ఆడవాళ్లు ఊళ్లో ఆపరేషన్ మాట దాచిపెడతారు, కాబట్టి ఆడవాళ్లకు వేరే గ్రూపు ఉంటే మంచిది. బయటికి స్క్రీన్‌షాట్ పోతే ఆ మనిషిని తీసేయాలి, రెండో మాట లేదు.

మందు పేరు, మోతాదు గ్రూపులో ఎవరూ చెప్పకూడదు. స్లీవ్ అయినవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు, బైపాస్‌లోనే ఇంకో రకమైన మినీ బైపాస్ అయినవాళ్లకు లెక్కలు వేరు. అందుకే ప్రతి ఒక్కరూ పేరు పక్కన ఏ ఆపరేషనో, ఎన్నో నెలో పెట్టుకోవాలి, "స్లీవ్, 4" అని. ముందు, తర్వాత ఫోటోల పోటీ వద్దు. నాలుగో నెలలో 24 కిలోలు తగ్గిన మనిషి, అదే టైముకు 35 తగ్గిన మనిషిని చూసి తిండి మానేస్తుంది. ప్రొటీన్ పౌడర్ల చైన్ మార్కెటింగ్ మనుషులు ఇట్లాంటి గ్రూపుల్లోకి చీమల్లా వస్తారు. మొదటి పోస్టుకే బయటికి పంపండి.

ఆదివారం సాయంత్రం ఒక్కసారి, అందరూ నాలుగే జవాబులు రాయాలి: ఈ వారం వాంతి ఎన్నిసార్లు, దేనికి? మాత్రలు ఎన్ని పూటలు తప్పాయి? ప్రొటీన్ ఎన్ని రోజులు అందింది? మనసెలా ఉంది? బరువు రాయాల్సిన పని లేదు. మూడు వారాలు జవాబు రాని మనిషికి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. నా దృష్టిలో గ్రూపు మొత్తంలో విలువైన పని ఆ ఫోనే. సిగ్గుపడి మాయమయ్యేది బరువు మళ్లీ పెరుగుతున్నవాళ్లే. కొత్తగా వచ్చినవాళ్లకు ఏడాది దాటిన ఒకరిని జోడీగా పెట్టండి, నెలకొకసారి ఎక్కడైనా కలవండి. కలిసినప్పుడు హోటల్లో బిర్యానీ ముందు కూర్చోవద్దని వేరే చెప్పాలా?

నాలుగో ప్రశ్న ఊరికే పెట్టలేదు. తిండితో బాధ మరిచిపోయే అలవాటున్నవాళ్లకు ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. కొందరు దాన్ని మురుకులు, మిక్చర్, ఐస్‌క్రీం వైపు తిప్పుతారు. ఇవి నోట్లో కరిగి గొట్టంలో జారిపోతాయి, కడుపు నిండిన భావమే రాదు. రెండో ఏట బరువు పెరగడానికి పెద్ద కారణం ఇవే. మగవాళ్లలో కొందరు తాగుడు వైపు పోతారు. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్‌లో, మందు తొందరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదమూ పెరుగుతుంది. రెండు వారాలు దిగులు తగ్గకపోతే, బతకాలని లేదనే మాట వస్తే, గ్రూపులో ఓదార్పుతో సరిపెట్టకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు.

పెళ్లిళ్లలో "ముఖం పీక్కుపోయింది, ఈ ఓళిగ ఒక్కటీ తిను" అని కొసరి కొసరి పెట్టే అత్తమ్మలకు జవాబు ముందే తయారుగా ఉండాలి. ఆపరేషన్ సంగతి చెప్పక్కర్లేదు. "కడుపులో పుండు ఉంది, డాక్టరు కొంచెం కొంచెమే తినమన్నాడు అత్తా" అంటే మన దగ్గర ఎవరూ రెండోసారి అడగరు. అబద్ధమే, కానీ పనిచేస్తుంది. పళ్లెం మీ వదిన చేతికిచ్చి పక్కన మీరు కూర్చోండి, వడ్డించేవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టే పని మీది.

ఆరో నెల చెకప్‌కు పోయేటప్పుడు రక్త పరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, బీ12, డీ విటమిన్, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియంను అదుపు చేసే హార్మోన్), అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), లివర్ పరీక్షలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఏడాదికి, ఇక ప్రతి ఏడూ.

ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాలుగు సంగతులు తెలియాలి: వాంతి వారానికి ఎన్నిసార్లు, తిన్న ఎంతసేపటికి అవుతోంది, నీళ్లు తాగినా వస్తోందా, ఇప్పుడు వాడే మాత్రల స్ట్రిప్‌ల మీద ఏ పేర్లున్నాయి. ఈ ప్రశ్న కిందే రాయండి, చూసి చెప్తాను. నీళ్లకు కూడా వస్తోందంటే మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు, రేపు పొద్దున్నే బెంగళూరుకు ఫోన్ చేయండి.